చవకే 240జెడ్ కొంప ముంచింది

నిస్సాన్ కంపెనీ డాట్సన్ పేరుతో అమ్మిన స్పోర్ట్స్ కారు 240జెడ్ ధర 1970లో అమెరికాలో 3,526 డాలర్లు. జాగ్వార్ ఈ-టైప్‌కి ఐదు వేలు దాటేది, పోర్షె 911కి ఆరు వేల పైమాటే. ఆరు సిలిండర్ల 2.4 లీటర్ల ఇంజిను, 151 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, బరువు టన్ను పైచిలుకు. జనం ఎగబడ్డారు, డీలర్లు రాసిన ధర మీద ఇంకొంత గుంజారు. నాలుగేళ్లలో ఒక్క అమెరికాలోనే లక్షా నలభై వేలకు పైగా అమ్ముడయ్యాయి. 2020 జనవరిలో, పెద్దగా తిరగని 1971 కారు ఒకటి ఆన్‌లైన్ వేలంలో 3,10,000 డాలర్లు పలికింది.

"అప్పుడే ఒకటి కొని దాచుకోవాల్సింది" అనేవాళ్లకు ఇప్పుడు కొదవ లేదు. అయితే చవగ్గా దొరికే వస్తువుని ఎవరు దాచుకుంటారు? దీని ఇంజిను పీకేసి షెవర్లే వీ8 దించారు, ఫెండర్లు కోసి వెడల్పు టైర్లు ఎక్కించారు, కారు నేల తుప్పుపట్టి ఊడిపోతే పాత సామాన్ల యార్డుకి తోలేశారు. ధర తక్కువ కాబట్టే ఎవరి చెయ్యీ వణకలేదు. 1997లో నిస్సాన్ తనే పాతవి కొని, బాగుచేయించి, సుమారు 25 వేల డాలర్లకు అమ్మింది. అదీ గిట్టుబాటు కాక మానేసింది. రేకు పనికి ఎంత అవుతుందో ఆ ఒక్క ముచ్చటే చెబుతుంది.

అసలు శత్రువు తుప్పే. బ్యాటరీ ఇంజిన్ గదిలో కుడివైపు వెనక మూలన ఉంటుంది. యాసిడ్ కారి ట్రేని తిని, దాని కింద కారు బరువు మోసే ఇనుప దూలం, అంటే ఫ్రేమ్ రైలు దాకా దిగుతుంది. ట్రే కొత్తగా మెరుస్తుంటే సంతోషపడకండి, కిందికి వంగి రైలుని స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డొల్లగా పలుకుతుంది. తర్వాత నేల రేకు, తలుపుల కింది రాకర్ ప్యానెళ్లు, వెనక చక్రం ముందుండే డాగ్‌లెగ్ అనే రేకు. ఈ మూడింటి మీదా అయస్కాంతం ఆనించి చూడండి, పట్టుకోకపోతే లోపల ఉన్నది లప్పమే. చివరగా అద్దం ముందు జాలీలో చెంబుడు నీళ్లు పోయండి. ముందు చక్రాల వెనక నుంచి కారితే సరే. కాళ్ల దగ్గర కార్పెట్ తడిస్తే మాత్రం కౌల్, అంటే ఆ జాలీ కింది రేకు తొట్టి, పోయినట్టు. నేల రేకులు కొత్తవి దొరుకుతాయి, వెల్డింగ్ చేయించవచ్చు. కౌల్ బాగుచేయాలంటే సగం కారు విప్పాలి. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు.

ఇంజిను మొండిది. ట్యాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుల సందు సరిచేయడం, ఇంట్లోనే చేసుకోవచ్చు: చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ వాల్వుకి 0.20 మి.మీ., ఎగ్జాస్ట్‌కి 0.25. కామ్ ముక్కు పైకి తిరిగి ఉండగా కామ్‌కీ, వాల్వుని నొక్కే రాకర్ ఆర్మ్‌కీ మధ్య సందు కొలిచే పలచటి రేకు (ఫీలర్ గేజ్) దూర్చాలి. 17 స్పానర్‌తో లాక్ నట్ వదులు చేసి, 14తో సర్దాలి. నట్ బిగించాక మళ్లీ కొలవాలి, బిగింపుతో కొలత జరుగుతుంది. 1973 కార్లకు వచ్చిన ఫ్లాట్-టాప్ కార్బ్యురేటర్లు ఎండలో పెట్రోలు ఆవిరి పట్టి మొరాయిస్తాయి. అంతకు ముందరి రౌండ్-టాప్‌లు పెడితే ఆ తలనొప్పి పోతుంది, కానీ తీసినవాటిని పారేయొద్దు, రేపు అమ్మేటప్పుడు అడుగుతారు.

హెడ్‌లైట్ల కరెంటు మొత్తం రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్) లేకుండా స్టీరింగ్ దగ్గరి స్విచ్ గుండానే పోతుంది. యాభై ఏళ్ల స్విచ్ వేడెక్కి కరుగుతుంది. రెండు రిలేలు పెట్టించడం కొన్న వారంలోనే చేయాల్సిన పని. లోపల పొగ వాసన వస్తే సైలెన్సర్‌ని అనుమానించే ముందు టెయిల్ లైట్ల గాస్కెట్లు, వెనక తలుపు రబ్బరు చూడండి. వెనక సస్పెన్షన్ కింది ఆర్మ్‌ని పట్టి ఉంచే పొడవాటి స్పిండిల్ పిన్ను తుప్పుతో బిగుసుకుపోతుంది. నడిమి లాక్ బోల్టు తీయకుండా సుత్తితో బాదితే మరలు చితికిపోతాయి, దానికి పుల్లర్ వాడాల్సిందే.

ధర నిలిచేది నంబర్ల మీద. ఆరో ప్లగ్గు దగ్గర బ్లాకు మీద పొడిచిన ఇంజిన్ నంబరు, ఇంజిన్ గదిలోని ప్లేటు మీది నంబరు ఒకటేనా చూడండి. 240జెడ్ అసలు ఇంజిను ఎల్24. దాని బదులు ఎల్28 కనిపిస్తే అది తర్వాతి 280జెడ్ తరం ఇంజిను. నడపడానికి అదే హాయి, సేకరించేవాళ్లకి మాత్రం నచ్చదు. బేరం అక్కడ తగ్గించుకోవచ్చు.

న్యూజెర్సీ, మిషిగన్‌లలో ఉన్న మనవాళ్లు ఊళ్లో దొరికిందని తొందరపడొద్దు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ రేకుల్ని నమిలేస్తుంది. కాలిఫోర్నియా, అరిజోనా కార్లు చూడండి, లారీ మీద తెప్పించే ఖర్చు వెల్డింగ్ ఖర్చు ముందు లెక్కలోకి రాదు. ఆ ఎండకి డాష్‌బోర్డు పగిలే ఉంటుంది. పైన తొడుగు వేయించుకోండి, దాని కోసం మంచి రేకున్న కారు వదులుకోవద్దు.