సొరుగును అడిగి చెబుతాను

నా బల్ల కింది సొరుగులో ఒక పాత బార్‌కోడ్ స్కానర్ ఉంటుంది. గాజు పగిలింది, పిడికి నల్ల టేపు చుట్టి ఉంటుంది. దాని పక్కన ఎవరూ వద్దన్న టాబ్లెట్ ఒకటి, ఐదారేళ్ల నాటి ఫోను ఒకటి, మొండికేసే లేబుల్ ప్రింటర్ ఒకటి. సహోద్యోగులు ఆ సొరుగును పాత సామాన్ల కొట్టు అని వెక్కిరిస్తారు. సంస్థ వైఫైని చూసుకునే నా లెక్కలో మాత్రం వాళ్లు పరీక్షాధికారులు. మా సంస్థ వైఫైలోకి కొత్తది ఏది రావాలన్నా ముందు ఈ నలుగురి ఎదుట నిలబడి నెగ్గాలి.

మొన్న మా డైరెక్టర్ గారు ఒక రంగుల కరపత్రం తెచ్చి బల్ల మీద పెట్టారు. కొత్త తరం వైఫై 7, గరిష్ఠ వేగం సెకనుకు 46 గిగాబిట్లు. "మనం ఎప్పుడు మారుతున్నాం?" అని అడిగారు. "సొరుగును అడిగి చెబుతానండి" అన్నాను. ఆయన నవ్వి వెళ్లిపోయారు. నేను హాస్యానికి అనలేదు.

ఆ 46 సంగతి ముందు చెప్పేస్తాను. ఆ అంకె రావాలంటే 320 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్, ఒకేసారి పదహారు ధారలుగా పంపే పరికరం కావాలి. మా ల్యాప్‌టాప్‌లకు ఉన్నవి రెండు ధారలు. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో, అంటే వైఫై వాడే రేడియో తరంగాల్లో ఆ భాగంలో, మేము ఇచ్చే ఛానెల్ వెడల్పు 40. ఆ లెక్కన వైఫై 6 ల్యాప్‌టాప్‌కు కాగితం మీద వచ్చేది 574 మెగాబిట్లు, చేతికి దక్కేది అందులో సగానికి కాస్త పైన. మరి వెడల్పు పెంచరాదా అంటారు. పెంచిన ప్రతిసారీ ఛానెళ్ల సంఖ్య సగానికి పడిపోతుంది, రొద 3 డెసిబెళ్లు పెరుగుతుంది. ఒక ఇంట్లో ఒక పెట్టె ఉన్నప్పుడు వెడల్పు వరమే. నాలుగు అంతస్తుల్లో నూట నలభై యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై పంచే పెట్టెలు, ఒకదాని మాట ఒకదానికి వినబడుతూ ఉన్నప్పుడు అది తగవులకు మూలం.

ఈ పనిలో పన్నెండేళ్లు గడిచాయి. చేరిన కొత్తలో నాకు కూడా కరపత్రాలంటే మోజే. ఆ మోజు తగ్గించినవి రెండు ఘటనలు.

మొదటిది నేను వారసత్వంగా అందుకున్న తొమ్మిది పేర్లు. ఫోనులో వైఫై తెరిస్తే మా సంస్థ పేరుతోనే తొమ్మిది నెట్‌వర్కులు కనిపించేవి: ఉద్యోగులకు ఒకటి, అతిథులకు ఒకటి, ప్రింటర్లకు ఒకటి, ఎప్పుడో ముగిసిపోయిన సమావేశానికి ఒకటి, ఇలా. పేరు ఉంటే నష్టమేమిటి అనుకునేవాణ్ణి. యాక్సెస్ పాయింట్ తన ప్రతి పేరునూ 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి దండోరా వేసి చెబుతూ ఉండాలి. పాత పరికరాలకు కూడా అర్థం కావాలని ఆ దండోరాను అతి తక్కువ వేగంతో, అంటే 1 మెగాబిట్‌తో వేయించేవారు మాకు ముందున్నవాళ్లు. ఒక్కో ప్రకటన 250 బైట్లు ఉందనుకున్నా, ఆ వేగంలో 2 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. తొమ్మిదింటికి దాదాపు 20. అంటే ఎవరూ ఏ పనీ చేయకముందే గాలి సమయంలో అయిదో వంతు పేర్లు చెప్పుకోవడానికే పోయేది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. కాబట్టి ఒకే ఛానెల్‌లో మూడు యాక్సెస్ పాయింట్లు వినబడే చోట పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

వైఫై అంటే ఒకే గిలక, ఒకే చేంతాడు ఉన్న బావి. ఒకరు తోడుకుంటుంటే మిగతావాళ్లు బిందెలు పట్టుకుని నిలబడాల్సిందే. 1500 బైట్ల సమాచారపు పొట్లాన్ని 1 మెగాబిట్ వేగంతో పంపితే 12 మిల్లీసెకన్లు గాలి ఆక్రమించుకున్నట్టే. అదే పొట్లం వేగవంతమైన ల్యాప్‌టాప్‌కు మిల్లీసెకనులో చిన్న ముక్క చాలు. మెల్లగా తోడేవాడు బావి దగ్గర ఉన్నంతసేపూ ఎంత బలశాలి అయినా ఆగాలి. తొమ్మిది పేర్లను మూడుకు తగ్గించి, కనిష్ఠ వేగాన్ని 12 మెగాబిట్లకు పెంచాను. ఒక్క కొత్త పెట్టె కొనలేదు. మర్నాటి నుంచి "వైఫై కొత్తది పెట్టారా?" అని అడగడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లలో నాకు దక్కిన అతి పెద్ద ప్రశంస అదే, అదీ నేను కొనని వస్తువుకు.

రెండో ఘటన చెప్పడానికి ఇప్పటికీ కాస్త సిగ్గుగా ఉంటుంది. మూడేళ్ల క్రితం 6 గిగాహెర్ట్జ్ పట్టీ ఉన్న కొత్త యాక్సెస్ పాయింట్లు తెప్పించాం. ఆ పట్టీ అంటే నాకు నిజంగానే ఇష్టం. అమెరికాలో 2020 ఏప్రిల్‌లో ఒక్కసారిగా 1200 మెగాహెర్ట్జ్ తెరిచారు. కొన్ని దేశాలు కింది భాగంలో 500 మాత్రమే ఇచ్చాయి. ఆ 500 వచ్చినా 40 మెగాహెర్ట్జ్ ఛానెళ్లు పన్నెండు దొరుకుతాయి. పాత పరికరాల గోల ఉండదు. రాడార్ సిగ్నల్ వినబడితే ఛానెల్ ఖాళీ చేసి పారిపోవలసిన అవసరం కూడా ఉండదు. ఖాళీ రోడ్డు చూసినంత సంబరపడ్డాను.

సెలవు రోజుల్లో ఒక అంతస్తు, గోదాము మార్చేశాం. సోమవారం పొద్దున పదింటికి ఫిర్యాదులు ముప్పై దాటాయి.

ల్యాప్‌టాప్‌లలో ఏ ఒక్కదానికీ 6 గిగాహెర్ట్జ్ కనబడలేదు. గంటన్నర వెతికితే తేలింది: పెట్టెలో 6 గిగాహెర్ట్జ్ కోసం ఉన్న మూడో రేడియో అసలు వెలగలేదు. ఈ పెట్టెలకు కరెంటు కూడా నెట్‌వర్క్ కేబుల్ గుండానే వస్తుంది. ఆ కేబుళ్లన్నీ వచ్చి కలిసే మా స్విచ్‌లు 2003 నాటి ప్రమాణానివి, ఒక్కో పోర్టుకు 15.4 వాట్లు ఇస్తాయి. దారిలో పోయింది పోగా పెట్టెకు చేరేది 12.95. మూడు రేడియోలు పూర్తిగా నడవడానికి 2009 నాటి 30 వాట్ల ప్రమాణం కావాలి. కరెంటు చాలకపోతే పెట్టె గొడవ చేయదు. ఒక రేడియోను మౌనంగా ఆపేసుకుని ఏమీ జరగనట్టు పచ్చ దీపం చూపిస్తుంది. ఆ పచ్చ దీపాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లకైతే కొత్త నెట్‌వర్క్ పేరే కనిపించలేదు. వాటి వైఫై డ్రైవర్, అంటే వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్, కొత్త తరం ప్రకటనను చదవలేక పక్కన పడేస్తోంది. డ్రైవర్ మారిస్తే కనబడింది.

గోదాములో పరిస్థితి ఇంకా ఘోరం. 6 గిగాహెర్ట్జ్‌లో పాత భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ2 చెల్లదు, కొత్తదైన డబ్ల్యూపీఏ3 తప్పనిసరి. అందుకని పాత పట్టీలలో రెండూ పనిచేసే మిశ్రమ పద్ధతి పెట్టాను. పుస్తకం ప్రకారం పాత పరికరాలు తమకు తెలిసిన డబ్ల్యూపీఏ2 ఎంచుకుని లోపలికి రావాలి. మా స్కానర్లు పుస్తకం చదవలేదు. ప్రకటనలో తెలియని మాట కనబడగానే బెదిరిపోయి, కలవడం, తెగిపోవడం, మళ్లీ కలవడం. గోదాము బాధ్యతలు చూసే పెద్దాయన హెల్ప్‌డెస్క్‌ను నమ్మరు, నేరుగా నా దగ్గరికే వస్తారు. ఆ రోజు ఒక స్కానర్ నా చేతిలో పెట్టి, "ఏమయ్యా, కొత్తవి పెట్టారని సంతోషించాం. మా వాళ్లు పెన్నూ కాగితం పట్టుకుని నిలబడ్డారు. పాతవే నయం కదా!" అన్నారు. బదులు చెప్పలేకపోయాను. స్కానర్ల కోసం పాత పద్ధతిలోనే ఒక పేరు విడిగా పెట్టి, సాయంత్రానికి గండం గట్టెక్కాం. ఆయన ఇచ్చిన ఆ స్కానరే సొరుగులో మొదటి సభ్యురాలు.

ఇంతకీ ఈ రంగంలో వెనకబడకుండా ఉండటానికి ఏం చదువుతావని కొత్తగా చేరిన కుర్రాళ్లు అడుగుతుంటారు. ప్రమాణాల చరిత్ర వాళ్లకు కంఠస్థం: 1997లో 2 మెగాబిట్లతో మొదలైంది, 1999లో 11, 2009లో 802.11ఎన్, ఆపైన ఏసీ, ఏఎక్స్. 2018లో వాటికి 4, 5, 6 అని అంకెలు పెట్టాక కొనేవాళ్లకు తేలికైంది, మాకు కష్టమైంది. అక్షరాలు ఉన్నప్పుడు డైరెక్టర్ గారు కరపత్రాలు తెచ్చేవారు కాదు.

నేను ఎక్కువగా చదివేది మాత్రం వైఫై వార్తలు కాదు. ఫోన్ల కొత్త వెర్షన్లలో ఏం మారుతోందో చూస్తాను, ఎందుకంటే మా నెట్‌వర్క్‌ను ఎక్కువసార్లు కుదిపింది అవే. 2019లో ఆండ్రాయిడ్ 10, మరుసటి ఏడు ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లు తమ అసలు హార్డ్‌వేర్ చిరునామా దాచి, ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో మారు చిరునామా చెప్పసాగాయి. మనిషి గోప్యతకు మంచిదే, నేను సమర్థిస్తాను. కానీ మా అతిథుల జాబితా మొత్తం ఆ చిరునామాల మీదే కట్టి ఉంది. నిన్న నమోదైన ఫోనే ఇవాళ కొత్త మనిషిలా వచ్చి గుమ్మంలో నిలబడేది. ఆ జాబితా తీసి పారేయడానికి ఆరు నెలలు పట్టింది.

ఇంకొకటి సర్టిఫికెట్లు. ఉద్యోగులు లోపలికి రావడానికి మా సర్వర్ చూపించే గుర్తింపు పత్రం అది. ఒకసారి దాని గడువు అర్ధరాత్రి తీరిపోయింది. తెల్లవారేసరికి సంస్థ మొత్తానికి వైఫై లేదు, యాక్సెస్ పాయింట్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి. తప్పు నాదే, క్యాలెండర్‌లో రాసుకోలేదు. ఇక ముందు క్యాలెండర్ కూడా చాలదు: బయటి సంస్థలు ఇచ్చే సర్టిఫికెట్ల గరిష్ఠ గడువును 398 రోజుల నుంచి అంచెలంచెలుగా తగ్గించి, 2029 మార్చి నాటికి 47 రోజులకు తేవాలని నిర్ణయించారు. అది వెబ్‌సైట్ల కోసం చేసిన నియమమే అయినా, అదే సర్టిఫికెట్‌ను వైఫైకి వాడేవాళ్లకూ తగులుతుంది. పత్రం మారితే "ఈ సర్వర్‌ను నమ్మాలా?" అని అడిగే ఫోన్లు చాలా ఉన్నాయి. చూడకుండా "అవును" నొక్కడం ఉద్యోగులకు అలవాటు చేస్తే, రేపు దొంగ సర్వర్‌కు కూడా అలాగే నొక్కుతారు. అందుకే మేము సొంత సర్టిఫికెట్ వ్యవస్థకు మారుతున్నాం. ఈ ఏడాది నా సమయంలో పెద్ద వాటా దానిదే, వైఫై 7ది కాదు.

యాక్సెస్ పాయింట్ల లోపలి సాఫ్ట్‌వేర్‌కు, అంటే ఫర్మ్‌వేర్‌కు, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు విశేషాల పేజీ దాటేసి "తెలిసిన లోపాలు" అన్న భాగం దగ్గర ఆగుతాను. అక్కడే నిజాలు ఉంటాయి. తర్వాత మా గదిలోని ఒకే ఒక్క యాక్సెస్ పాయింట్‌లో ఎక్కిస్తాను, సొరుగు తెరుస్తాను, స్కానర్‌ను చేత్తో పట్టుకుని వరండా పొడవునా నడుస్తాను. ఏ యాక్సెస్ పాయింట్‌ను పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో తేల్చుకునేది పరికరమే. మనం సలహా చెప్పగలం, అంతే. ఈ స్కానర్ దగ్గరున్నదాన్ని వదిలేసి, వరండా అవతలి కొసన ఉన్నదాన్ని పట్టుకుని వేలాడుతుంది. దాని మొండితనం నాకు దారి చూపుతుంది కాబట్టి ఇప్పుడు దాని మీద ఒక రకమైన అభిమానం ఏర్పడింది.

వైఫై 7లో నాకు నచ్చినది ఒకటి ఉంది: పరికరం ఒకేసారి రెండు పట్టీలతో బంధం పెట్టుకోవచ్చు, ఒకటి రద్దీగా ఉంటే రెండోదాన్ని వాడుకోవచ్చు. దానికి కూడా డబ్ల్యూపీఏ3 కావాల్సిందే. ఆ తర్వాతి తరం, 802.11బీఎన్, 2028లో పూర్తవుతుందని అంచనా. గరిష్ఠ వేగం పెంచడం దాని లక్ష్యం కాదట. తెగిపోకుండా, ఆలస్యం కాకుండా నడపడం అట. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు, నా ఫిర్యాదుల పెట్టె ఎవరో తెరిచి చూశారనిపించింది.

డైరెక్టర్ గారికి నిన్న ఒక పేజీ పంపాను. అందులో వైఫై 7 మూడో అంశం. మొదటిది 30 వాట్లకు మించి ఇవ్వగల స్విచ్‌లు, రెండోది గోదాముకు కొత్త స్కానర్లు. సాయంత్రం ఆయన పిలిచి, కరపత్రంలో లేని వస్తువులు అడుగుతున్నానేమిటని అడిగారు. గోదాము పెద్దాయన అప్పటికే ఆయనతో మాట్లాడి వెళ్లారని తర్వాత తెలిసింది. స్కానర్లు ముందు ఇస్తామన్నారు, స్విచ్‌లు రెండు విడతల్లో.

పాత స్కానర్లన్నీ తీసేస్తారట. రెండు నాకు ఉంచమని చెప్పాను. సొరుగులో చోటు చాలదు, లేబుల్ ప్రింటర్‌ను బల్ల మీదికి మార్చాలి.