పరామర్శకి వెళ్ళి పాట పాడమంటామా?

"దిక్కులేని పిల్లలను విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుటయు"... బైబిల్లో యాకోబు 1:27 మనకి కంఠతా వచ్చు. డిసెంబర్ వస్తే చాలు, ఇదే వాక్యం చెప్పుకుని కేకు కొనుక్కుని చిల్డ్రన్స్ హోమ్‌కి బయల్దేరతాం. నాకైతే ఆ "పరామర్శ" అనే మాట దగ్గరే మనసు ఆగిపోతుంది.

పరామర్శంటే తెలుగోళ్ళకి వేరే చెప్పాలా? చావు జరిగిన ఇంటికి వెళ్తాం, గొంతు తగ్గించుకుంటాం, ఊరికే పక్కన కూర్చుంటాం, లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అని కూడా అనం. అక్కడ బ్యానర్ కట్టి ఫోటో దిగుతామా? ఏడ్చేవాళ్ళని లేపి ఒక పాట పాడమంటామా? మరి అమ్మానాన్న పోయిన పిల్లల్ని ఎందుకు పాడమంటున్నాం?

కొత్త నిబంధన మూలభాష గ్రీకులో ఇదే మాట లూకా 1:68లో ఉంది, దేవుడు తన ప్రజలకు "దర్శనమిచ్చి" అన్నచోట. మత్తయి 25లో "నన్ను చూడ వచ్చితిరి" అన్నదీ ఇదే. అంటే దేవుడు మన దగ్గరికి ఎలా దిగొచ్చాడో అలా వెళ్ళమని. యోహాను 14:18లో ప్రభువు "మిమ్మును అనాథలనుగా విడువను" అని ఊరుకోలేదు, "మీ యొద్దకు వత్తును" అన్నాడు. పార్సిల్ పంపుతాననలేదు.

నేనూ తక్కువేం తినలేదండి. కొన్నేళ్ళ క్రితం మా యూత్ వాళ్ళతో వెళ్తే, మా వ్యాన్ ఆగగానే పిల్లలు ఎవరూ చెప్పకుండానే పొడుగు పొట్టి ప్రకారం వరసలో నిలబడిపోయారు, ఫోటో కోసం. అంత అలవాటైపోయింది వాళ్ళకి. వార్డెనమ్మ మెల్లగా అంది, ఆ వారంలో అది అయిదో కేకు, గ్యాస్ సిలిండర్‌కి మాత్రం డబ్బుల్లేవని. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

జార్జ్ ముల్లర్ 1836లో బ్రిస్టల్‌లో అనాథాశ్రమం పెట్టి ఎవర్నీ చెయ్యి చాచి అడగలేదని సాక్ష్యాలు చెప్తాం, బానే ఉంది, కానీ అడక్కుండానే తెచ్చిచ్చిన వాళ్ళ సంగతి మనకెందుకు గుర్తుండదు?

ఇంకోటి, వాక్యంలో పిల్లల పక్కనే విధవరాండ్రు ఉన్నారు చూడండి. హోముల్లో చాలామంది పిల్లలకి తల్లి బతికే ఉంటుంది, భర్త పోయి కూలికెళ్తూ పెంచలేక వదిలిపెట్టిందంతే. అలాంటి తల్లి మీ సంఘంలోనే ఉంటే ముందు ఆమెకి ఆసరా అవ్వండి, బిడ్డ ఇంట్లోనే ఉంటాడు. పిల్లల సంరక్షణకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద అర్హత ఉన్న బిడ్డకి నెలకి 4000 రూపాయలు ఇస్తారు, అప్లికేషన్ పెట్టించడం కూడా పరిచర్యే.

హోమ్‌కి ఇచ్చేవాళ్ళు 2015 బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగి ఇవ్వండి, హోమ్ నడిపే దైవజనుడిని అడగొచ్చా అని మొహమాటపడకండి. పిల్లల మొహాలు స్టేటస్‌లో పెట్టకండి. డిసెంబర్ వదిలేసి జూన్‌లో స్కూళ్ళు తెరిచేముందు ఒక ఫోన్ చేసి, ఎవరికి ఏ సైజు బూట్లు కావాలో రాసుకోండి.