ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, పెన్షన్ కోత: నా అనుభవం

నెల్లూరులోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఒక ఏజెన్సీ ద్వారా ఔట్‌సోర్సింగ్ పద్ధతిపై డేటా ఎంట్రీ ఆపరేటరుగా చేరాను. ధ్రువపత్రాల పరిశీలన, నియామక ఉత్తర్వు, పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబరు అన్నీ సాఫీగానే జరిగిపోయాయి.

చిక్కంతా జీతం పడ్డాక వచ్చింది. ఉత్తర్వులో నా వేతనం 15,000 రూపాయలనీ, యాజమాన్యపు పీఎఫ్ వాటాను దానికి అదనంగా చెల్లిస్తారనీ స్పష్టంగా ఉంది. నా వాటా 12 శాతం కింద 1,800, ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్ఐకి 0.75 శాతం కింద 113 పోగా 13,087 రావలసి ఉండగా, బ్యాంకులో పడింది 11,137. మిగిలిన 1,950 సంగతి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో అడిగితే, "మీరు మా స్టాఫ్ కాదమ్మా, ఏజెన్సీని అడగండి" అని మళ్ళీ ఫైల్లో తల దూర్చారు.

ఏజెన్సీ ఆఫీసులో ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉన్నా, అక్కడి గుమాస్తా నన్ను నిలబెట్టే మాట్లాడాడు. సెల్‌ఫోను మీద నుంచి కళ్ళెత్తకుండానే, "అది మీ పెన్షన్‌కేనమ్మా, ముసలితనంలో అక్కరకొస్తుంది" అన్నాడు. ఏ లెక్కన అని అడిగేసరికి, "చేసేది టెంపరరీ పని, దానికి లెక్కలు కూడానా? మీ సీటు కోసం పదిమంది కాచుకొని ఉన్నారు" అన్నాడు. పక్క బల్లల వాళ్ళు నవ్వారు. ఎం.కాం. ఫస్టు క్లాసులో ప్యాసైన నాకు శాతాల లెక్క చెప్పనక్కర్లేదనుకున్నాడో, చెప్పినా అర్థం కాదనుకున్నాడో తెలియదు గాని, కావలి రైల్లో తిరిగి వస్తున్నంతసేపూ ఆ నవ్వే చెవుల్లో మోగింది.

ఆ రాత్రే పీఎఫ్ పాస్‌బుక్ తెరిచాను. నా వాటా 1,800, యజమాని వాటా 550, పెన్షన్ గడిలో 1,250 ఉన్నాయి. ఆ 1,250 యజమాని కట్టే 12 శాతంలోంచి 8.33 శాతంగా మళ్ళేది. ఉద్యోగి జీతం నుంచి పెన్షన్‌కు ఒక్క పైసా కోయరాదు. 550కి 1,250, బీమాకూ నిర్వహణ ఖర్చులకూ యజమాని కట్టే 150 కలిపితే సరిగ్గా 1,950 అయింది. యజమాని వాటాను ఉద్యోగి నుంచి రాబట్టరాదని 1952 నాటి పీఎఫ్ స్కీమే చెబుతోంది.

ఇలాంటి కొలువుల్లో చేరేవారు పర్మనెంటు ఉద్యోగుల సలహాలు నమ్మవద్దు. వారిలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి సీపీఎస్ (ప్రభుత్వోద్యోగుల కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) కింద కోసే 10 శాతం వేరు, పీఎఫ్‌తో ముడిపడిన మన 1995 నాటి పెన్షన్ పథకం వేరు. మనకు పదేళ్ళ సర్వీసు నిండితేనే 58 ఏళ్ళకు పెన్షన్. నిండకపోతే ఫారం 10సి పెట్టి సొమ్ము తీసుకోవడమో, స్కీమ్ సర్టిఫికెట్ తీసుకొని తర్వాతి ఉద్యోగంలో ఆ సర్వీసు కలుపుకోవడమో చేయాలి. పెన్షన్ గడిలోని సొమ్ముకు వడ్డీ రాదు. పే స్లిప్పు ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి, మొహమాటం అక్కర్లేదు.

నేను ఉత్తర్వునూ, పాస్‌బుక్‌నూ, బ్యాంకు స్టేట్‌మెంటునూ జతచేసి పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల పోర్టల్లో పెట్టాను. అమ్మా అన్న ఆ గుమాస్తాయే ఫోన్ చేసి మేడం అన్నాడు. ఈ నెల జీతం 13,087 పడింది. పాత కోతల బకాయి మాత్రం ఇంకా రాలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే పంపుతామంటున్నారు, పంపితేనే తీసుకుంటానని నేనంటున్నాను.