కడుపు కింద నరం, వీపుల నరం

మొన్న ఫస్టియర్ బైపీసీ పిల్లలకు అనెలిడా, అంటే వానపాము లాంటి ఉంగరాల పురుగుల వర్గం, చెప్తున్న. బోర్డు మీద వానపాము బొమ్మ గీసి, కింద పొట్ట దిక్కు ఒక గీత గీసి, ఇది నాడీదండం, అంటే నరాల తాడు, అన్న. కేసముద్రం నుంచి రోజూ రైల్ల వచ్చే అమ్మాయి ఒకామె లేచి "సార్, మనకు వెన్నుల ఉంటది గదా, దానికి కడుపు కిందికెందుకు పోయింది?" అని అడిగింది. బెల్లు కొట్టే టైమైంది, "రేపు చెప్త బిడ్డా" అని వచ్చేసిన. ఆ రాత్రి హన్మకొండల మా ఇంటి మిద్దె మీద కూసుని ఎంత సేపు ఆలోచించిననో నాకే తెల్వదు, ఎందుకంటే ఆ పిల్ల అడిగింది చిన్న ప్రశ్న కాదు, రెండు వందల ఏండ్ల నుంచి జువాలజీ వాళ్లు కొట్లాడుకుంటున్న ప్రశ్న. దానికి జవాబు వానపాములో దొరకదు, సముద్రపు పురుగుల దగ్గరికి పోవాలె.

మన దిక్కు సముద్రం లేదు. చెరువు పెద్దగుంటే దానికే సముద్రం అని పేరు పెట్టుకున్న జాగ ఇది. వానపాములను మేం ఎర్రలంటం, చిన్నప్పుడు తవ్వి గాలానికి గుచ్చినోళ్లమే. సముద్రపు పురుగును మాత్రం డిగ్రీల ఫార్మాలిన్ సీసాల చూసిందే, తెల్లగా పాలిపోయిన నీరీస్ ఒకటి, పక్క సీసాల బాలనోగ్లాసస్ ఒకటి.

నీరీస్ సంగతి ముందు. దాని మెదడు తలల, గ్రసనికి, అంటే గొంతు గొట్టానికి, పైన ఉంటది. ఆడికెళ్లి రెండు నరాలు గొంతును రెండు దిక్కులా చుట్టుకుంట కిందికి దిగి, మళ్ల కలిసి, పొట్ట గోడ పొంటి తోక దాక పోతయి. ప్రతి ఖండితంల, అంటే ఒంటి మీది ఒక్కో ఉంగరం ముక్కల, ఒక నాడీసంధి, నరాల ముడి. పాత పుస్తకాలల్ల దీన్ని తాళ్ల నిచ్చెన అంటరు, రెండు నిలువు తాళ్లు, నడుమ మెట్లు. అంటే దాని మెదడుకూ దండానికీ మధ్యల నుంచి తిండి పోతది. మనకట్ల కాదు, మెదడు, వెన్నుపాము రెండూ తిండిగొట్టానికి ఒకే దిక్కున్నయి.

ఆ దండంల ఇంకో ముచ్చట ఉంది. నీరీస్‌కు ఐదు లావు నరపోగులుంటయి, మాటున పడాల్నంటే ఒళ్లంతా ఒక్కసారే ముడుచుకునేటందుకు. మిక్సికోలా అనే గొట్టం పురుగుల ఒక్క పోగే దాదాపు ఒక మిల్లీమీటర్ లావుంటది, మన ఒంట్లోని లావు పోగులు 20 మైక్రోమీటర్లకు అటు ఇటు, లెక్క చేసుకోండి. మనం పోగు చుట్టూ మైలిన్ తొడుగు చుట్టి స్పీడు తెచ్చుకున్నం, ఇవి పోగునే లావు చేసుకున్నయి. ఒకసారి సూర్యలంక పోయినప్పుడు తడి ఇసుకల గవ్వ ముక్కలు అతికించుకున్న గొట్టాలు పొడుచుకొచ్చి కనబడ్డయి, పిల్లలు స్నానం చేస్తుంటే నేను ఆడ మోకాళ్ల మీద కూసున్న. ఒకదాని మూతి కాడ పుల్లతోటి ముట్టుకుంటే లోపల కదిలిందల్లా కన్ను మూసి తెరిసేలోపల మాయం. పుస్తకంల చదివిన లావు పోగు అంటే ఏందో ఆ రోజు నాకు కండ్లకు కట్టినట్టు తెలిసింది.

ఇగ ఆ పిల్ల ప్రశ్న. 1822ల జెఫ్రాయ్ సెయింట్ హిలేర్ అనే ఫ్రాన్స్ ఆయన పెద్ద సముద్రపు రొయ్యను కోసి, బోర్లా కాకుండ ఎల్లకిల పెట్టి చూసిండు. అట్ల పెడితే నరం పైన, పేగు నడుమ, గుండె కింద, అచ్చం మనలెక్క. మనం తిరగేసిన పురుగులమా అని అడిగినట్టన్న మాట. చానమంది కొట్టిపారేసిండ్రు. 1990లల్ల జన్యువులు చూసేసరికి ఆయన మాట మళ్ల లేచింది. కప్ప పిండంల వీపు దిక్కు కార్డిన్ అనే ప్రొటీన్ తయారయితది, అది బీఎంపీ అనే ఇంకో ప్రొటీన్‌ను అడ్డుకుంటది, అడ్డుకున్న కాడనే నరం పుడతది. ఈగల కూడా అదే జోడీ, అదే పని, కాకపోతే పొట్ట దిక్కు. తర్వాత 2007ల జర్మనీల డెట్లెఫ్ ఆరెంట్ వాళ్ల టీమ్ ప్లాటినీరీస్ అనే సముద్రపు పురుగును చూసిండ్రు, అది నీరీస్‌కు దగ్గరి చుట్టమే. దాని నాడీదండం నడుమ నుంచి పక్కలకు జన్యువులు ఏ వరసల పనిచేస్తున్నయో, మన వెన్నుపాముల కూడా దాదాపు అదే వరస. ఇది చదివినప్పుడు ఇగ అయిపోయింది, నరం ఒక్కసారే పుట్టింది, మన తాతముత్తాతలు ఎక్కడనో తిరగబడ్డరు అని నేను గట్టిగ నమ్మిన.

ఇప్పుడు నమ్మత లేను. 2018ల నార్వేల బెర్గెన్ వాళ్లు ఇంకా చాన రకాల పురుగులను తీస్కొని చూస్తే ఆ వరస కనబడలే. అండ్ల ఓవీనియా అని ఒకటుంది, ఇసుక గొట్టంల బతుకుతది, అనెలిడా వంశంల అందరికంటే ముందు చీలిపోయిన కొమ్మల్ల అదొకటి. దానికి తాళ్ల నిచ్చెన లేదు, నాడీసంధుల్లేవు, నరం చర్మంలనే ఉంటది. అంటే మేం అనెలిడా గుర్తు అని బట్టీ పట్టిన నిచ్చెన అనెలిడాలకే మొదటి నుంచి ఉన్నది కాకపోవచ్చు. నరాలు పోగై దండమైంది ఒక్కసారి కాదు, వేరేవేరే వంశాల్ల వేరేవేరేగ జరిగింది అని బెర్గెన్ వాళ్ల మాట. ఆరెంట్ దిక్కు వాళ్లు ఇంకా ఒప్పుకోలే. నాకైతే ఓవీనియా బరువు ఎక్కువ అనిపిస్తది.

అయితే తిరగబడ్డది ఉత్తదేనా అంటే, కాదు. ఈడ పక్క సీసాల బాలనోగ్లాసస్ పనికొస్తది. దానికి చేపల లెక్క మొప్ప చీలికలుంటయి, 1866లనే కొవలెవ్‌స్కీ అనే రష్యా జువాలజీ ఆయన చూసిండు, అందుకే మన దిక్కు చుట్టం అన్నరు. దగ్గరి చుట్టాలైతే నక్షత్ర చేపలు, కానీ మనతోటి ఒకే పెద్ద కొమ్మ. దాని నరాలు చూడండి, వీపుల ఒక దండం, పొట్టల ఒక దండం, చర్మం అడుగు పొరల ఒళ్లంతా వల. దీని చుట్టం సాకోగ్లాసస్‌ను చూస్తే మన మెదడు ముందు నుంచి వెనకకు ఏ జన్యువుల వరసల కట్టబడుతదో, ఆ వరస దీని ఒంటి చుట్టూ ఉంగరాల లెక్క ఉంది. అసలు విషయం ఏందంటే దాని బీఎంపీ వీపు దిక్కే ఉంటది, పురుగుల లెక్కనే, మనలెక్క కాదు. పైగా ఆ బీఎంపీ దాని నరాలను ఆపదు. అంటే తిరగబడుడు మన వంశంలనే, బాలనోగ్లాసస్ వాళ్లు విడిపోయినంక జరిగిందన్న మాట.

మరి ఏది వీపు, ఏది పొట్ట అని చెప్పేదెవరు? నోరు. నోరున్న దిక్కు పొట్ట. నోరు లేకపోతే ఎంత మోసపోతమో పోగొనోఫోరాలను చూస్తే తెలుస్తది. లోతు సముద్రంల సన్నటి గొట్టాలల్ల బతికే పురుగులు, మొదటిదానికి 1914ల పేరు పెట్టిండ్రు. నోరు లేదు, పేగు లేదు. ఒక పక్క నరం ఉంది. ఇవి మన దిక్కు చుట్టాలే కావొచ్చు అనుకుని ఆ నరమున్న పక్కను వీపు అన్నరు, వీపుల నరం ఉంది కాబట్టి మన చుట్టాలే అన్నరు. ఒకదానికొకటి సాక్ష్యం, రెండూ తప్పే. అప్పటిదాక పట్టిన పురుగులన్నిటికీ తోక తెగిపోయి ఉండె. 1964ల పూర్తి తోక దొరికింది, అది ఖండితాలు ఖండితాలుగ, ముళ్లతోటి, అచ్చం అనెలిడా. ఇప్పుడవి అనెలిడాలల్లనే ఉన్నయి, 1977ల గలపగోస్ దగ్గర దొరికిన పెద్ద ఎర్ర గొట్టం పురుగులు రిఫ్టియా కూడా వీటి ఇంటివాళ్లే. రిఫ్టియా పిల్లలకు చిన్నప్పుడు కొన్ని దినాలు నోరు, పేగు ఉంటయి, పెరిగినంక పోతయి.

సైపంక్యులా ముచ్చట ఒక్కటి చెప్పి ఆపుత. ఇదీ సముద్రపు పురుగే, పల్లికాయ లెక్కుంటది, ఖండితాల్లేవు, ఒంటి నాడీదండం, అందుకే వేరే వర్గం చేసి కూసోబెట్టిండ్రు. 2008ల దాని లార్వాలను చూస్తే దండం మొదట జంటగనే పుడతది, దాని పొంటి నాడీకణాలు ఒక జత తర్వాత ఒక జత, ఖండితాల లెక్కనే వస్తయి, కొన్నాళ్లకు రెండూ కలిసి ఒక్కటైతయి. డీఎన్ఏ కూడా దాన్ని అనెలిడాలల్లనే పెట్టింది.

తెల్లారి క్లాసుకు పది నిమిషాలు ముందే పోయిన. బోర్డు మీద మూడు పురుగులు గీసిన, వానపాము, బాలనోగ్లాసస్, ఆ పక్కన మనిషి. ముందు ముగ్గురికీ నోరు పెట్టిన, తర్వాతనే నరం గీసిన. ఆ పిల్ల నడిమి బొమ్మనే చూసుకుంట "దీనికి రెండు దిక్కులా ఉన్నయి గదా సార్, మరి మన కడుపు దిక్కుది ఎప్పుడు పోయింది?" అన్నది. ఆ ప్రశ్న బోర్డు పైమూలకు రాసి, డస్టర్ పెట్టొద్దని పిల్లలకు చెప్పిన.