ట్యాంకు కడిగిన దగ్గర్నుంచీ

ఆదివారం. రాత్రి పది దాటింది. కుడి అరచేతిలో తుప్పు మరక, సబ్బుతో రెండుసార్లు రుద్దినా వదల్లేదు.

నాలుగు రోజులుగా షవర్ కింద నిలబడితే ఒక భుజం తడిసేలోపు రెండోది ఆరిపోతోంది. "ట్యాంకు కడిగిన దగ్గర్నుంచే ఇలా ఉందిరా" అని అమ్మ మొదటిరోజే అంది. ఊఁ కొట్టి ఊరుకున్నాను. కడిగింది నేనే కదా, అందులో తేడా ఏముంటుందని నా ధీమా.

పొద్దున్నే పది లీటర్ల బకెట్, ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని మొదలుపెట్టాను. బాత్రూం కుళాయి కింద బకెట్ నిండడానికి 3 నిమిషాల 20 సెకన్లు. పెరటి కుళాయి దగ్గర 55 సెకన్లే. పెరటి కుళాయి కిందికి ఉంది కదా, ధార ఎక్కువే ఉంటుందిలే అనుకుని ఆ లెక్క పక్కన పెట్టేశాను. మధ్యాహ్నం దాకా నన్ను తిప్పింది ఈ తెలివే.

ముందు వంటింటి కుళాయి మూతికి ఉండే జాలీ విప్పాను. ఇసుక, ప్లాస్టిక్ పీచు, జిగురుగా పాచి. ట్యాంకు అడుగున కదిలిన మడ్డి అంతా గొట్టాల్లోంచి వచ్చి అక్కడ చేరినట్టుంది. పాత బ్రష్‌తో తోమితే వంటింట్లో కాస్త మెరుగైంది. ఆ ఉత్సాహంలో షవర్ మూతి కూడా విప్పి, గార వదలడానికి వెనిగర్‌లో నానబెట్టాను. తీరా చూస్తే, మూతి లేని ఉత్త గొట్టంలోంచి కూడా అదే సన్నధార! అడ్డం షవర్‌లో లేదు, అంతకు ముందే ఎక్కడో ఉంది. ఆ ఉత్త గొట్టాన్ని మొదటే చూసి ఉంటే గంట మిగిలేది.

ట్యాంకు ఖాళీ చేసినప్పుడు గొట్టంలో గాలి చిక్కుకుందేమో అనుకున్నాను. ఇంట్లో కుళాయిలన్నీ ఒకేసారి తెరిచి చెవి పెట్టి విన్నాను. గుడగుడలు లేవు, ధార ఆగి ఆగి రావడం లేదు. బక్కగా, నిలకడగా వస్తోంది.

అన్నం తిని కూర్చున్నాక పొద్దుటి లెక్క మళ్ళీ గుర్తొచ్చింది. నీటి మట్టం ఒక మీటరు ఎత్తుంటే వచ్చే ఒత్తిడి దాదాపు 0.1 బార్. మా ట్యాంకు నీళ్ళు బాత్రూం కుళాయికి నాలుగు మీటర్ల పైన ఉంటాయి, అంటే 0.4 బార్. పెరటి కుళాయి ఇంకో అర మీటరు కిందికి, అంటే 0.45. ఆ కాస్త తేడాకి ధార మూడున్నర రెట్లు ఎలా పెరుగుతుంది? పెరటికి ట్యాంకు నుంచి వేరే గొట్టం ఉంది. ఇంటి లోపలికి వచ్చే గొట్టానికి ట్యాంకు దగ్గరే ఒక గేట్ వాల్వ్ ఉంది.

డాబా ఎక్కి ఆ వాల్వ్ చక్రం తెరిచే వైపుకి తిప్పాను. ఆరు చుట్లు, పది చుట్లు, పదిహేను. ఎక్కడా ఆగదే! గేట్ వాల్వ్ లోపల ఇత్తడి పలక ఒకటి ఉంటుంది. చక్రం తిప్పితే మర మీద అది పైకి లేవాలి, పూర్తిగా తెరుచుకున్నాక చక్రం బిగుసుకుని ఆగాలి. ఇక్కడ చక్రం ఒక్కటే షికారు చేస్తోంది.

సాయంత్రం ప్లంబర్ వచ్చాడు. ట్యాంకుకీ ఈ వాల్వ్‌కీ మధ్య ఇంకో వాల్వ్ లేదు, కాబట్టి ముందు ట్యాంకు ఖాళీ చెయ్యాలి. బకెట్లు, బిందెలు, చివరికి బట్టల టబ్బు కూడా నింపాం. మిగిలింది మొక్కలకి. ఊడదీసిన వాల్వ్‌లోకి టార్చ్ కొట్టి చూపించాడు. పలక మర నుంచి ఊడి, ముప్పాతిక దారి మూసి కూర్చుంది. "పానా పెట్టి తిప్పారా సార్?" అన్నాడు. అమ్మ పక్కనే ఉంది. ట్యాంకు కడిగేటప్పుడు చక్రం బిగుసుకుపోయిందని పెద్ద పానా వేసి ఒక్క గుంజు గుంజిన మాట నిజమే. గొంతు సవరించుకున్నాను.

దాని బదులు బాల్ వాల్వ్ వేయించాను. పిడి గొట్టం వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ట్యాంకు నిండాక బాత్రూంలో మళ్ళీ బకెట్ పెట్టాను. 58 సెకన్లు.

వంటింట్లో జాలీ బిగించేటప్పుడు వాషర్ సరిగ్గా కూర్చోలేదు, చుక్క చుక్క కారుతోంది. గిన్నె పెట్టి వచ్చాను. రేపు చూడాలి.