ఏడు గంటలకు పెన్సిల్

ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఇంట్లో తలుపేసుకుని ఒక్కసారిగా మానేయకూడదు. ఈ మాట ముందు చెప్పేసి నా కథలోకి వెళ్తాను. ఆఖరి పెగ్గు దిగిన కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి లేనివి కనబడే దశ వస్తే ప్రాణం మీదికే రావచ్చు. డాక్టరు ఇదంతా చెప్పాక భయపడి ఆసుపత్రిలో చేరాను. మాత్రలు, విటమిన్ బి1 ఇంజెక్షన్లతో ఆ వారం గడిచింది. అందులో నా గొప్పేం లేదు.

అసలు పరీక్ష ఇంటికొచ్చాక. పగలు ఎలాగో గడిచిపోయేది. సాయంత్రం ఏడు కొట్టేసరికి చెయ్యి దానంతటదే బీరువా వైపు వెళ్లేది. తాగుడు నాలుకకీ బుర్రకీ పట్టిన అలవాటు అనుకుంటాం గానీ, మూత తిప్పడం, వంచడం, గ్లాసు పట్టుకుని కూర్చోవడం, ఇవన్నీ చేతికి పట్టిన అలవాట్లు. ఆ చేతికి పనిలేకపోతే పిచ్చెక్కేది.

తాగాలన్న కోరిక అలలా లేస్తుందనీ, ఏ అరగంటకో చాలావరకు దిగిపోతుందనీ, అప్పటిదాకా ఆగితే చాలనీ కౌన్సెలర్ చెప్పారు. "ఏం చేస్తూ ఆగమంటారు సార్?" అంటే, "మీకు వచ్చిందేదో చెయ్యండి" అన్నారు.

నాకు వచ్చింది బొమ్మలు. ఒకప్పుడు. రెండు పెగ్గులు పడితేగానీ గీత కదలదని నమ్మడం మొదలెట్టాక బొమ్మలు తగ్గాయి, పెగ్గులు పెరిగాయి. పైగా అదేదో కళాకారుడి లక్షణమన్నట్టు నలుగురికీ చెప్పుకునేవాణ్ణి.

మొదటిరోజు మెత్తగా, నల్లగా గీసే 4బీ పెన్సిల్‌తో తాళంచెవి గీశాను. చేతుల్లో ఇంకా కాస్త వణుకు మిగిలి ఉంది. తాళంచెవి గొంగళిపురుగులా వచ్చింది. నాలుగు రోజులు అలాగే చెరిపి గీసి, చెరిపి గీసి విసుగెత్తి, చివరికి ఎప్పుడో నేర్చుకున్న బ్లైండ్ కాంటూర్ పట్టుకున్నాను. కాగితం వైపు చూడకూడదు. వస్తువు అంచు వెంట కళ్లు చీమలా నడవాలి, పెన్సిల్ వాటి వెంటే పోవాలి. ఇందులో బొమ్మ వంకరగా రావడమే మామూలు, కాబట్టి వణుకును దాచే పని లేదు. ఒక చెప్పు అంచు చుట్టి వచ్చేసరికి ఇరవై నిమిషాలు. తల ఎత్తి చూస్తే అల దిగిపోయి ఉండేది. రోజూ కాదు గానీ, చాలా రోజులు.

బాధనంతా కాగితం మీద కక్కెయ్యమని ఒకరు సలహా ఇచ్చారు. రెండు సాయంత్రాలు నల్లటి సీసాలూ పగిలిన మొహాలూ గీశాను. దాహం రెట్టింపైంది. కొందరికి ఆ పద్ధతి పనికొస్తుందేమో, నాకు మాత్రం చెప్పులే మేలు. ఆర్ట్ థెరపీ, అంటే బొమ్మలతో చేసే చికిత్స, అన్న పేరును 1942లో వాడుకలోకి తెచ్చిన బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ కూడా క్షయతో శానటోరియం మంచం మీద ఉన్నప్పుడు చుట్టుపక్కల కనబడే వస్తువులే గీశాడట. అది చదివి నా చెప్పులకి కాస్త గౌరవం పెరిగింది.

నెల దాటాక ధైర్యం వచ్చి నీటిరంగులు తీశాను. బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగులో ముంచిన కుంచెను గాజుగ్లాసులో ఆడించాను. నీళ్లు నెమ్మదిగా రంగు తిరిగాయి. అచ్చం విస్కీ రంగు. నోట్లో నీళ్లూరాయి, ఆ గ్లాసు పారబోసి వచ్చినా గుండె దడ తగ్గలేదు. అప్పట్నుంచి కుంచెలకి ప్లాస్టిక్ మగ్గే. ఆల్కహాల్ ఇంకు మార్కర్లు కూడా ఎవరికో ఇచ్చేశాను, ఆ వాసన నాకొద్దు.

ఇంత జాగ్రత్తపడీ 41వ రోజు తాగాను. కారణమంటూ పెద్దగా లేదు. మర్నాడు పొద్దున్నే స్కెచ్ బుక్కు చించేద్దామని తీశాను. ప్రతి పేజీ మూలా తేదీ వేసి ఉంది: గొంగళిపురుగు తాళంచెవి, కుర్చీ కాలు, నా ఎడమచెయ్యి. వరసగా తిప్పితే గీత వారం వారం కుదుటపడటం తెలుస్తోంది. చించలేకపోయాను. ఖాళీ పేజీ మీద ముందురోజు తేదీ వేసి వదిలేశాను. ఆ ఉదయమే కౌన్సెలర్‌కి ఫోన్ చేశాను. మా ఆవిడకి చెప్పడం దానికంటే కష్టమైంది.

ఆ ఖాళీ పేజీ పక్కన ఆమె చెప్పు ఉంది, ఒక్కటే. రెండోది మొదలెట్టేలోగా అల దిగిపోయింది, లేచి వెళ్లి పడుకున్నాను.