అంబర్‌పేటలో మామిడి చాయ్ లాటే

ఆరేళ్ల నుంచి దుబాయ్‌లో ఉన్నాను. నేను అక్కడ ఏం పని చేస్తానో ఎవరైనా అడిగితే మా అమ్మ "హోటల్ల పని" అనేది. అంతకు మించి ఆమెకు తెలియదు, నేనూ విడమరిచి చెప్పలేదు. నాది ఒక మాల్‌లో చాయ్, కాఫీ కౌంటర్. కస్టమర్‌కు, నాకు మధ్య ఒక గాజు పలక ఉంటుంది, దాని వెనక నిలబడి రోజంతా కప్పులు నింపుతాను. మొన్న మే నెలలో సెలవు మీద అంబర్‌పేట ఇంటికి వచ్చినప్పుడు చెల్లె పట్టుబట్టింది, "అన్నా, నువ్వు ఫోటోలు పంపుతావు కదా, ఆ మూడు రంగుల చాయ్, అది ఇక్కడ చేసి చూపించు" అని.

అది మామిడి ఐస్డ్ చాయ్ లాటే. అడుగున పసుపు రంగు మామిడి గుజ్జు, మధ్యలో తెల్లటి పాలు, పైన చాయ్. అక్కడ కప్పు 22 దిర్హాములు, మన లెక్కలో ఐదు వందల పైమాటే. నాతో రూమ్‌లో ఉండే జగిత్యాల అన్నలు ఇద్దరు కన్‌స్ట్రక్షన్ పనికి పోతారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూల్ ఉంది, ఆ రెండున్నర గంటలు నీడ దొరికిన చోట పడుకుంటారు. వాళ్లు ఒక్కసారి కూడా ఇది తాగలేదు, నేను తెచ్చి ఇద్దామన్నా బస్సులో రూమ్‌కు చేరేసరికి ఐస్ కరిగి నీళ్లవుతుంది.

షాపులో మామిడి అంటే సీసాలోంచి వచ్చే సిరప్. మూడు సార్లు పంప్ నొక్కాలి, అంతే. ఇంట్లో మాత్రం నిజమైన పండు. మే నెల కాబట్టి బంగినపల్లి బండ్ల మీద కుప్పలుగా ఉంది, అమ్మ డజను తెచ్చి బియ్యం డబ్బాలో మాగబెట్టింది. నేను గుజ్జు తీస్తుంటే పక్కన నిలబడి చూసి, "పాలల్ల పండు కలిపితే ఇరిగిపోతయి బిడ్డా" అంది.

ఆమె మాట నిజమే. అది నాకు అక్కడ చేరిన మొదటి నెలలోనే తెలిసింది, చాలా చెడ్డగా తెలిసింది. ఒకామె ప్యాషన్ ఫ్రూట్ అనే పుల్లటి పండు వేసిన చాయ్‌లో పాలు వెయ్యమంది, వేశాను, ఆమె కళ్ల ముందే కప్పులో పాలు తునకలు తునకలుగా విడిపోయాయి. సూపర్‌వైజర్ ఆ కప్పు డబ్బులు నా జీతంలో కోశాడు. ఎందుకు విరిగిందో మాత్రం చెప్పలేదు. రాత్రి రూమ్‌లో పడుకుని ఫోన్‌లో నేనే వెతుక్కున్నాను. పాలలో కేసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, పులుపును కొలిచే లెక్క పీహెచ్, పులుపు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది, 4.6 దగ్గరికి దిగితే కేసిన్ గడ్డ కడుతుంది. పాలు వేడిగా ఉంటే ఇంకా తొందరగా. అందుకే పూర్తిగా మాగిన తియ్యటి పండే తీసుకోవాలి, పాలు కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టినవే పొయ్యాలి, కలిపాక వెంటనే తాగెయ్యాలి. మామిడి కొంచెం పుల్లగా ఉందనిపిస్తే పాలకు బదులు కొబ్బరి పాలు మేలు. పచ్చి పైనాపిల్‌తో ఇంకో చిక్కు, అందులో ప్రోటీన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది, అది పాలను చేదు చేస్తుంది, కాబట్టి చక్కెరతో బాగా ఉడికించి, చల్లార్చాకే వాడాలి.

ఇదంతా అమ్మకు చెప్తే శ్రద్ధగా విన్నది. తర్వాత చాయ్ దగ్గరికి వచ్చేసరికి ఆమె గంజు తీసి పాలు, నీళ్లు, పొడి, చక్కెర అన్నీ ఒకేసారి వెయ్యబోయింది. ఆపాను. దీనికి డికాక్షన్ విడిగా కావాలి. మన ఇరానీ చాయ్‌కు చేసినట్టే అని చెప్పాను, హోటల్లో డికాక్షన్ ఒక పాత్రలో దమ్ మీద ఉంటుంది, చిక్కటి పాలు ఇంకో పాత్రలో ఉంటాయి, రెండూ కలిసేది కప్పులోనే కదా. నాన్న నన్ను చిన్నప్పుడు ఇరానీ హోటల్‌కు తీసుకెళ్తే నేను ఆ పోసే చెయ్యినే చూస్తూ కూర్చునేవాణ్ని. దుబాయ్‌లో ఎవరూ నేర్పకముందే నాకు ఆ వరస తెలుసు అనిపిస్తుంది.

రెండు గ్లాసులకు నేను వేసిన కొలత ఇది. నీళ్లు 200 మిల్లీలీటర్లు మరిగించి స్టవ్ ఆపి, రెండు పెద్ద చెంచాల ఆకు చాయ్ వేసి మూత పెట్టి నాలుగు నిమిషాలు. ఇంట్లో ఉండే డస్ట్ పొడి అయితే రెండు నిమిషాలకే జాలిలో వడకట్టాలి, సన్నటి పొడి తొందరగా దిగి చేదెక్కుతుంది. మామూలు చాయ్ కన్నా రెండింతలు స్ట్రాంగ్ ఉండాలి, ఎందుకంటే ఐస్ కరిగి పలచన చేస్తుంది. బయటే చల్లారనిచ్చి ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టాను. మామిడి గుజ్జు ఒక చిన్న గిన్నెడు, అందులో రెండు చెంచాల చక్కెర కరిగేదాకా కలపాలి. గుజ్జు గ్లాసు అడుగున, దాని మీద గ్లాసు నిండా ఐస్, ఐస్ మీదుగా 100 మిల్లీలీటర్ల చల్లటి పాలు నెమ్మదిగా. చివర్లో చెంచా బోర్లించి గ్లాసు అంచుకు ఆనించి, దాని వీపు మీద నుంచి చాయ్ సన్నటి ధారగా జారవిడవాలి. చక్కెర ఉన్న గుజ్జు బరువు, అది కిందే ఉంటుంది. చక్కెర లేని చాయ్ పాల కన్నా తేలిక, అందుకే పైన తేలుతుంది. చాయ్‌లో చక్కెర వేస్తే అదీ బరువెక్కి కిందికి దిగిపోతుంది, రంగులన్నీ ఒకటైపోతాయి.

చెల్లె ఫోటోలు తీసుకుంటోంది. అమ్మ గ్లాసును చూడట్లేదు, నన్నే చూస్తోంది. చాయ్ పోసిన మరుక్షణం నా చెయ్యి దానంతట అదే గుడ్డ తీసుకుని గట్టు తుడిచింది, చెంచా కడిగింది, ఇంకో గ్లాసు ముందుకు జరిపింది. అక్కడ ప్రతి కప్పు తర్వాత అలా చెయ్యాలి. శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం దాకా రోజుకు రెండు వందల కప్పుల పైనే పోతాయి.

"గిట్లనే నిలబడి చేస్తవా రోజంతా?" అని అడిగింది.

"ఆ."

"ఎన్ని గంటలు?"

"పది."

"నడుమ కూసోనిస్తరా?"

ఫోన్‌లో అయితే "అంతా బాగానే ఉందమ్మా" అనేసేవాణ్ని, ఆరేళ్లుగా అదే మాట. ఆ రోజు చేతులు పనిలో ఉన్నాయి, కళ్లు గ్లాసు మీద ఉన్నాయి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. బ్రేక్ గంట ఉంటుంది కానీ రష్ ఉంటే సగం కూడా దొరకదు, కౌంటర్ వెనక స్టూల్ పెట్టనివ్వరు, రాత్రి బూట్లు విప్పితే మడమలు మంట, నరాలు ఉబ్బుతున్నాయని మెడికల్ షాపులో గట్టి సాక్సులు ఇచ్చారు. ఆమె ఏమీ అనలేదు. హాల్లోకి పోయి ప్లాస్టిక్ స్టూల్ తెచ్చి నా వెనక పెట్టింది. నిజానికి ఈ చాయ్ కూర్చుని చెయ్యడం కుదరదు, గ్లాసు కంటి ఎత్తులో కనబడదు. అయినా కూర్చున్నాను. రెండో గ్లాసులో పొరలు సరిగ్గా రాలేదు, అమ్మ అదే తీసుకుని తాగింది, రుచి బాగుంది కానీ కడుపులోకి చల్లగా పోయేది చాయ్ ఎట్లయితది అంది.

నేను దుబాయ్‌కి తిరిగి వచ్చి మూడు వారాలయింది. మాకు ఇండియా కన్నా గంటన్నర వెనక టైమ్, నేను డ్యూటీ దిగేసరికి ఇంటి దగ్గర అర్ధరాత్రి దాటుతుంది కాబట్టి అమ్మ పొద్దున్నే ఫోన్ చేస్తుంది. నిన్న వీడియో కాల్‌లో గ్లాసు ఎత్తి చూపించింది, తానే చేసిందట, ఆఖరి బంగినపల్లి పండ్లతో. గ్లాసంతా ఒకటే లేత గోధుమ రంగు.

"చాయ్‌ల చక్కెర ఏసినవా అమ్మా?"

"చక్కెర లేకుండ చాయ్ ఏందిరా," అంది. తర్వాత ఫోన్ దగ్గరికి తెచ్చి, "నువ్వు సాక్సులు ఏసుకుంటున్నవా?" అని అడిగింది.